ముడి తప్పితే గౌరవం తప్పినట్టేనా?

ఆగస్టులో అనంతపురం జిల్లా కణేకల్ దిక్కున వానకంటే గాలి ముందొస్తుంది. హగరి ఒడ్డు ఇసుకను పొలాల మీదికి తోసేదీ, బెళుగుప్ప, ఉరవకొండ మిట్టల మీద గాలిమరలు తిప్పేదీ ఆ గాలే. పదిహేనో తేదీ పొద్దున ఆ గాలిలోనే మండలమంతా జెండాలు లేస్తాయి. బళ్లు, తహసీల్దారు ఆఫీసు, మండల పరిషత్తు, పోలీస్ స్టేషను, గ్రామ సచివాలయాలు, బ్యాంకులు అన్నీ రెండు గంటల్లో ముగించాలి. వచ్చే పెద్దమనుషులు ఒకచోట వందనం చేసి ఇంకోచోటికి పరిగెత్తుతుంటారు. ఇన్ని జెండాల్లో ఎక్కడో ఒకటి తలకిందులుగా లేస్తుంది, లేదా సగంలో చిక్కుకుంటుంది, లేదా ముడి ఊడి కిందికి జారుతుంది. మిగిలినవన్నీ సరిగ్గా ఎగిరిన సంగతి ఎవరికీ వార్త కాదు. ఆ ఒక్కటి మాత్రం మధ్యాహ్నానికల్లా సెల్‌ఫోన్లలో తిరుగుతుంది. దానికి పెట్టే శీర్షిక ఏళ్లుగా ఒకటే: జాతీయ జెండాకు అవమానం.

ఆ శీర్షిక న్యాయమైనదేనా అన్నదే ప్రశ్న. చట్టం ఏమంటోంది, కోర్టులు ఏమన్నాయి, జెండా కోసం దెబ్బలు తిన్న చరిత్ర ఏం చెబుతోంది, బయటి దేశాలు ఇలాంటి పొరపాట్లను ఎలా సర్దుకున్నాయి అన్నవన్నీ కలిపి చూస్తే తప్ప దీనికి జవాబు దొరకదు. అంతకంటే ముందు, అసలు జెండా తలకిందులు ఎలా అవుతుందో తెలియాలి.

స్తంభం మీద గిలక ఉంటుంది. దాని మీదుగా పోయిన తాడు రెండు పాయలుగా కిందికి దిగుతుంది. జెండా అంచు కుట్టులో ఒక తాడు దూర్చి ఉంటుంది. కాషాయం వైపు కొసను పైకి పోయే పాయకు, ఆకుపచ్చ వైపు కొసను కింది పాయకు కట్టాలి. ప్రమాణాల ప్రకారం కుట్టిన జెండాకు పైకొసన చిన్న చెక్కముక్క ఉంటుంది కనుక పొరపడడం కష్టం. చౌకరకం జెండాకు రెండువైపులా ఒకేలాంటి తాడుకొసలుంటాయి. ముందురోజు సాయంత్రం బడిలో ఎవరో ఒకరు జెండాను మడతలు పెట్టి, లోపల బంతిపూల రేకులు పోసి, చుట్టి, జారుముడి వేస్తారు. చుట్టాక ఏ రంగు ఎటుందో బయటికి కనిపించదు. అశోకచక్రానికి 24 ఆకులు. దాన్ని ఎటు తిప్పినా ఒకేలా ఉంటుంది కనుక అదీ ఆనవాలు ఇవ్వదు. తెల్లారి వేరే మనిషి వచ్చి తాడుకు తగిలిస్తాడు. ముఖ్య అతిథి లాగుతారు. ముడి విడుతుంది, పూలు రాలతాయి, చప్పట్లు మోగుతాయి, అప్పుడు చూస్తే ఆకుపచ్చ పైన ఉంటుంది.

అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. అప్పటికే జనగణమన ఎత్తుకుని ఉంటారు. గీతం పూర్తిపాఠానికి 52 సెకన్లు పడుతుంది. అంతసేపూ అందరూ కదలకుండా నిలబడాలి. తప్పు కళ్లెదుట కనిపిస్తున్నా తాడు ముట్టుకునే వీలు లేదు. గీతం అయ్యాక దించి సరిచేస్తే ఆ వ్యవహారం అక్కడితో ముగిసినట్టే. కానీ ఈలోపే ఎవరో ఒకరు వీడియో తీసి ఉంటారు. తలకిందులుగా ఉన్నప్పటి సెకన్లు ఊరు దాటిపోతాయి. సరిచేసిన నిమిషాన్ని ఎవరూ తీయరు.

చట్టం సంగతికొస్తే, మనవాళ్లు తరచూ కలిపేసే రెండు పత్రాలను విడదీయాలి. ఒకటి 2002 జనవరి 26న అమల్లోకి వచ్చిన పతాక నియమావళి. జెండా ఎలా ఎగరేయాలో, ఎక్కడ పెట్టాలో, ఎలా దించాలో అది చెబుతుంది. రెండోది జాతీయ గౌరవానికి అవమానాలను నిరోధించే 1971 నాటి చట్టం. శిక్ష వేసేది ఇదే. మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. నవీన్ జిందాల్ కేసులో 2004 జనవరి 23న తీర్పిస్తూ సుప్రీంకోర్టు ఈ తేడాను స్పష్టం చేసింది. గౌరవంగా జెండా ఎగరేయడం పౌరుడి భావప్రకటన హక్కులో భాగమంది. నియమావళి ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకమే తప్ప శాసనం కాదంది. అంటే నియమావళిలో ఒక అంశం తప్పినంత మాత్రాన నేరం అయిపోదు. ఆ పని 1971 చట్టం చెప్పిన అవమానం కిందికి రావాలి.

అవమానం అంటే ఏమిటో 2003 సవరణ వివరించింది. వ్యక్తులకో వస్తువులకో వందనంగా జెండాను కిందికి వంచడం, దాని మీద రాతలు రాయడం, వాహనాల మీద కప్పడం, ఉపన్యాసకుడి బల్లకు గుడ్డలా పరచడం, చేతిరుమాళ్ల మీద అచ్చువేయడం, ఇలా చాలానే ఉన్నాయి. జాబితాలో రెండుచోట్ల మాత్రం శాసనకర్తలు ఒక మాటను ప్రత్యేకంగా చేర్చారు. నేలను, నీళ్లను తాకనిస్తే నేరమే, అయితే ఉద్దేశపూర్వకంగా చేయాలి. కాషాయం కిందికి వచ్చేలా ప్రదర్శించినా నేరమే, అదీ ఉద్దేశపూర్వకంగానే. మన ఊళ్లలో ఏటా జరిగే పొరపాట్లలో ప్రధానమైనవి సరిగ్గా ఈ రెండే. తాడుతో, గాలితో, ముడితో పని కనుక ఇవి జరుగుతాయని చట్టం రాసినవాళ్లకు తెలుసు. అందుకే మినహాయింపును చట్టంలోనే రాశారు. తలకిందులైన జెండాను చూడగానే కేసు పెట్టాలని పట్టుబట్టేవాళ్లు ఆ ఒక్క మాటను దాటేసి చదువుతున్నారన్నమాట.

ఇక నియమావళిని పక్కన పెట్టుకుని మన జెండా పండుగను చూస్తే విచిత్రమైన సంగతి బయటపడుతుంది. మనం భక్తితో చేసే పనుల్లోనే నిబంధనకు విరుద్ధమైనవి కనిపిస్తాయి. జెండా ఎగిరే స్తంభం మీదగానీ దానిపైనగానీ పూలు, దండలు, చిహ్నాలు ఏవీ ఉంచకూడదని నియమావళి అంటుంది. స్తంభానికి దండ చుట్టకపోతే మన ఊళ్లలో పండుగ లోటుగా కనిపిస్తుంది. పసుపు, కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టేచోట్లూ ఉన్నాయి. జెండాను తోరణంగా, అలంకారంగా వాడరాదన్నది ఇంకో నిబంధన. పురికొసకు కాగితపు జెండాలు అంటించి బడి ఆవరణంతా కట్టడం తెలుగునాట పిల్లల తొలి జ్ఞాపకాల్లో ఒకటి. ముగ్గుపిండికి రంగులు కలిపి నేల మీద జెండా వేయడమూ మామూలే. తర్వాత దాని మీదుగా నడిచేదీ ఆ పిల్లలే. ఇవేవీ వార్తలు కావు. జెండా లోపల పూలరేకులు పోయడానికి మాత్రం 2003 సవరణ పేరుపెట్టి అనుమతి ఇచ్చింది. కాబట్టి నిబంధన మీరడం, అగౌరవం చూపడం అనేవి ఒకటే అయితే, ముందుగా దోషులయ్యేది ఆ స్తంభానికి ఎంతో ప్రేమతో దండ కట్టినవాళ్లే.

మారిపోయిన నిబంధనల వల్ల పుట్టే తప్పులు ఇంకో తరగతి. పొద్దుగుంకాక జెండా దించలేదని ఇప్పటికీ గొడవలవుతుంటాయి. 2022 జులైలో చేసిన సవరణ ప్రకారం ఆరుబయట, లేదా పౌరుల ఇళ్ల మీద ఎగరేసిన జెండాను రాత్రీ పగలూ ఉంచవచ్చు. ప్రభుత్వ భవనాల గురించిన భాగంలో మాత్రం సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా అన్న పాత పద్ధతే సాధారణ నియమం. మేడ మీద రాత్రి ఎగిరే జెండాను తప్పనడం ఎంత పొరపాటో, ఇంటికి చెల్లిందే ఆఫీసుకూ చెల్లుతుందనుకోవడం అంతే పొరపాటు. ఫిర్యాదు చేసేవాళ్లు, సంజాయిషీ ఇచ్చేవాళ్లు ఇద్దరూ పాత ప్రతినే చదువుతుంటే వాదన ఎలా తెగుతుంది?

కోర్టుల ముందుకొచ్చిన కేసులు ఈ విషయంలో మంచి పాఠాలు. 2008 జనవరిలో పెర్త్‌లో హాప్‌మన్ కప్ పోటీల సమయంలో తీసిన ఒక ఫొటోలో సానియా మీర్జా పాదాల దగ్గర జాతీయ జెండా కనిపించింది. అది కెమెరా కోణం వల్ల అలా కనిపించిందా, కావాలని చేసిందా అన్నది తేలకముందే భోపాల్ కోర్టులో ఫిర్యాదు పడింది. దేశం తరఫున ఆడుతున్న హైదరాబాద్ అమ్మాయి తనకు దేశమంటే అభిమానం ఉందని చెప్పుకోవాల్సి వచ్చింది. వరస వివాదాలతో విసిగి ఆ ఏడాది బెంగళూరు టోర్నీలో ఆడనంది.

కోయంబత్తూరులో 2013 క్రిస్మస్ వేడుకలో మూడు రంగుల దేశపటం, అశోకచక్రం ఉన్న పెద్ద కేకును కోసి అతిథులకు పంచారు. అధికారులు కూడా హాజరైన సభ అది. దాని మీద వచ్చిన కేసును 2021 మార్చిలో మద్రాసు హైకోర్టు కొట్టేసింది. దేశభక్తిని బయటికి కనిపించే చేతతో కొలవలేమని, దాని వెనకున్న ఉద్దేశమే గీటురాయని జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ తేల్చారు. అవమానమన్న మాటకు అంత విశాలమైన అర్థం ఇస్తే జనం జెండాను చేత్తో ముట్టుకోవడానికే జంకుతారని కూడా అన్నారు.

మూడో కేసు జెండాది కాదు, జాతీయగీతానిది. అయినా అనంతపురం జిల్లావాళ్లు దాన్ని గుర్తుపెట్టుకోవాలి. 1985లో కేరళలో ముగ్గురు పిల్లలను బడి నుంచి పంపేశారు. గీతం వస్తున్నప్పుడు వాళ్లు అందరితోపాటు లేచి నిలబడ్డారు గానీ తమ మతవిశ్వాసం వల్ల పాడలేదు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. నిలబడడమే గౌరవమని, పాడకపోవడం అగౌరవం కాదని చెప్పింది. ఆ తీర్పు రాసినది ఈ జిల్లాకు చెందిన జస్టిస్ ఒంటెద్దుపల్లి చిన్నపరెడ్డి. కావాలని పాడనివాళ్లకే అగౌరవం అంటగట్టలేమని సుప్రీంకోర్టు అన్నప్పుడు, సరిగ్గా ఎగరేయాలనుకుని ముడి తప్పినవాళ్లకు ఎలా అంటగడతాం?

అవతలి వాదన తేలిగ్గా తీసేయదగింది కాదు. జెండా కోసం జనం ఎంత అనుభవించారో తెలిసినవాళ్లకు గుడ్డ నేలను తాకినా మనసు చివుక్కుమంటుంది. 1930లో మచిలీపట్నం కోనేరు సెంటరులో జెండా ఎగరేయబోయిన తోట నరసయ్య నాయుడిని పోలీసులు స్పృహ తప్పేదాకా లాఠీలతో కొట్టారు. 1947 సెప్టెంబరు 2న, దేశానికి స్వాతంత్ర్యం వచ్చి రెండు వారాలు దాటినా నిజాం పాలన పోని పరకాలలో, జెండా ఎగరేయడానికి వచ్చిన జనం మీద కాల్పులు జరిగాయి. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇంత ఖరీదుపెట్టి తెచ్చుకున్న జెండాను ముందురోజు ఒకసారి విప్పి చూసుకునే ఓపిక కూడా లేదా అని అడిగేవాళ్లను తప్పుపట్టలేం. జీతం తీసుకుని, ఉత్తర్వు అందుకుని, ఏటా రెండుసార్లు ఇదే పని చేసే కార్యాలయానికి తెలియదన్న సాకు చెల్లదు.

అయితే ఆ చరిత్రనే ఇంకాస్త వెనక్కి తిప్పితే ఇంకో సంగతి కనిపిస్తుంది. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో పింగళి వెంకయ్య గాంధీజీకి అందించిన నమూనా నుంచి వచ్చిన జెండాలో తెలుపు పైన, ఆకుపచ్చ మధ్యలో, ఎరుపు కింద, వాటి మీద రాట్నం ఉండేవి. 1923 నాగపూర్ జెండా సత్యాగ్రహంలో జనం జైలుకు పోయింది ఆ వరస కోసమే. కాషాయం పైకి వచ్చింది 1931లో. రాట్నం స్థానంలో చక్రం చేరింది 1947 జులై 22న, రాజ్యాంగ సభ తీర్మానంతో. ఇళ్లలో నేసి, చేత్తో రంగులద్ది, కొలత చూడకుండా కుట్టిన జెండాలవి. వాటిలో పట్టీలు సమానంగా లేనివి ఎన్నో ఉండి ఉంటాయి. పట్టుకున్నవాళ్ల గౌరవాన్ని ఆనాడు ఎవరూ స్కేలుతో కొలవలేదు.

తర్వాత యాభై ఏళ్లకు పైగా జెండా ఆఫీసు వస్తువుగా ఉండిపోయింది. 2002 దాకా మామూలు పౌరుడు కొన్ని జాతీయ దినాల్లో తప్ప జెండా ఎగరేయడానికి వీల్లేదు. జనం కింద నిలబడి వందనం చేశారేగానీ తాడు కట్టడం నేర్చుకునే అవకాశం రాలేదు. 2022లో ఇంటింటా జెండా కార్యక్రమం రాగానే పరిస్థితి తిరగబడింది. పాతిక రూపాయలకు ఒకటి చొప్పున తపాలా శాఖ పది రోజుల్లో కోటికి పైగా జెండాలు అమ్మింది. అంతకుముందు 2021 డిసెంబరు సవరణతో మిషను మీద తయారైనవాటికి, పాలిస్టరుకూ అనుమతి వచ్చింది. అప్పటిదాకా చేత్తో వడికి చేత్తో నేసిన గుడ్డే కావాలన్న నియమం ఉండేది. కణేకల్ నుంచి బళ్లారి మీదుగా పోతే తగిలే హుబ్బళ్లి బెంగేరి ఖాదీ సంఘం, ప్రమాణాల సంస్థ గుర్తింపుతో జెండాలు తయారుచేస్తూ వచ్చింది. కొత్త అనుమతి తమ పొట్ట కొడుతుందని అక్కడి కార్మికులు ఆందోళనకు దిగారు. ఇప్పుడు రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే మిషను మీద పాలిస్టరు జెండాను కూడా చట్టబద్ధంగా కుట్టొచ్చు, పొడవు వెడల్పులు మాత్రం మూడుకు రెండు చొప్పున ఉండాలి. అయితే హడావుడిగా తయారైన సరుకులో చక్రం పక్కకు జరిగినవి, పట్టీలు ఎక్కువతక్కువైనవి వచ్చాయని దేశమంతటా ఫిర్యాదులు లేచాయి. అలాంటి జెండాను కొని మేడ మీద కట్టిన కూలీమనిషిని తప్పుపట్టాలా, అచ్చువేసి అమ్మినవాళ్లను పట్టాలా? కోట్ల చేతుల్లోకి జెండా పోవాలని కోరుకున్నప్పుడు కొన్ని చేతులు తడబడతాయని కూడా ఒప్పుకోవాలి.

ప్రొటోకాల్ కోసమే సిబ్బంది ఉన్న ప్రభుత్వాలూ తడబడ్డాయి. 2010 సెప్టెంబరులో న్యూయార్క్‌లో ఆగ్నేయాసియా నేతలతో అమెరికా జరిపిన సమావేశంలో ఫిలిప్పీన్స్ జెండాను తలకిందులుగా పెట్టారు. ఆ దేశపు ఆచారంలో ఎరుపు పైకి వస్తే యుద్ధం నడుస్తోందని అర్థం. అమెరికా పొరపాటని ఒప్పుకుని విచారం తెలిపింది, విషయం ముగిసింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా మహిళల ఫుట్‌బాల్ జట్టు పేర్ల పక్కన దక్షిణ కొరియా జెండా చూపితే జట్టు మైదానంలోకి రానంది. ఆట గంటకు పైగా ఆలస్యమైంది.

వీటన్నిటికంటే మనకు పనికొచ్చే ఉదాహరణ 1992 అక్టోబరు నాటిది. అట్లాంటాలో బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ రెండో ఆటకు ముందు అమెరికా మెరైన్ దళం కెనడా జెండాను తలకిందులుగా మోసింది. కెనడా భగ్గుమంది. తర్వాతి ఆట టొరంటోలో. అక్కడ కెనడా జెండాను మళ్లీ మోసే అవకాశం ఇవ్వమని అడిగింది మెరైన్ దళమే. సరిగ్గా మోసింది. అమెరికా జెండాను కెనడా మౌంటెడ్ పోలీసులు మోశారు. నిన్నటిదాకా కోపంతో ఉన్న జనమే చప్పట్లు కొట్టారు. తప్పు చేసిన చేతులకే మళ్లీ జెండా ఇవ్వడం కంటే మంచి పరిష్కారం ఉంటుందా? మన దగ్గరైతే ఆ చేతులకు ముందుగా అందేది మెమో.

మెమోలు, కేసుల భయం వల్ల జరిగే నష్టం కంటికి కనపడదు. జెండా కట్టే పనిని ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. చివరికి అది బళ్లో అందరికంటే చిన్న ఉద్యోగి మీద పడుతుంది. తాడు కట్టినవాడు ఒకడు, లాగినవాడు ఇంకొకడు. సంజాయిషీ మాత్రం కట్టినవాడిది. పిల్లలకు నేర్పాల్సిన పని నుంచి పిల్లలను దూరం పెడతారు. ఇక గిట్టనివాళ్ల మీదికి ఫిర్యాదు విసరడానికి ఊరి రాజకీయాలకు ఇది తేలికైన ఆయుధం. ఫొటో ఒక్కటుంటే చాలు.

నిజమైన అలక్ష్యం జెండా పండుగ మర్నాడు కనిపిస్తుంది, అప్పటికి దాన్ని చూసేవాళ్లుండరు. పదహారో తేదీ పొద్దున బడి దారిలో కాగితపు జెండాలు కాళ్లకింద పడి ఉంటాయి. నిషేధించిన ప్లాస్టిక్ జెండాలు మురుగుకాలువలో తేలుతుంటాయి. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సరుకుల నిషేధంలో అవీ ఉన్నాయి. కాగితపు జెండాలను నేల మీద పారేయకుండా మరుగున గౌరవంగా తీసేయాలని నియమావళి చెబుతుంది. చిరిగి పాతబడ్డ జెండాను చాటుగా, పూర్తిగా, కాల్చివేయడం మేలంటుంది. మేడ మీద కట్టి మరిచిపోయిన పాలిస్టరు గుడ్డ మన గాలికి నెలలోపే పీలికలవుతుంది, ఎండకు కాషాయం తెల్లబోతుంది. హైదరాబాద్ సంజీవయ్య పార్కులో 2016లో నిలిపిన 291 అడుగుల స్తంభం మీది జెండా కూడా గాలికి పదేపదే చిరిగింది, మారుస్తూ వచ్చారు. అక్కడ మార్చడానికి మనుషులున్నారు. మన మేడ మీది జెండాకు మనమే దిక్కు.

అన్నీ కలిపి చూస్తే తప్పులు మూడు రకాలని తేలుతుంది. తెలియక చేసినవి మొదటి రకం. దండ, తోరణం, తలకిందుల ముడి, పక్కకు జరిగిన చక్రం దీనిలోకే వస్తాయి. వీటికి కావలసింది నేర్పే మనిషి. తెలిసీ పట్టించుకోకపోవడం రెండోది. ఏటా అదే కార్యాలయంలో అదే పొరపాటు, నెలల తరబడి వేలాడే పీలికలు ఈ లెక్కలోవి. దానికి శాఖాపరమైన జవాబుదారీ ఉండాలి గానీ దాన్ని దేశద్రోహపు భాషలో మాట్లాడకూడదు. కావాలని చేసింది మూడోది. 1971 చట్టం ఉన్నది దాని కోసం. ఉద్దేశం మనసులోది కనుక ఎలా తెలుస్తుందని అడగొచ్చు. తప్పు తెలిశాక ఏం చేశారో చూస్తే తెలుస్తుంది. గీతం అయ్యీకాగానే దించి సరిచేసినవాళ్లది గౌరవమే. చెప్పినా వినకుండా టిఫిను పెట్టే చోటికి పోయినవాళ్లది అలక్ష్యం. సరిచేయబోయినవాళ్లను అడ్డుకుంటే అప్పుడు అవమానం అన్న మాట తీయొచ్చు.

పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. పధ్నాలుగో తేదీన ఒకసారి జెండా విప్పి, కాషాయం కొసకు ఎర్రదారం కట్టి, ఖాళీగా ఒకసారి ఎగరేసి చూడాలి. జారుముడి వేయడం ఏడో తరగతి పిల్లలకు నేర్పితే ఆ బడిలో ఆ విద్య పోదు. ఆగస్టు ఏర్పాట్ల గురించి మండలాలకు వెళ్లే ఉత్తర్వులో రెండు వాక్యాలు చేర్చాలి. పొరపాటు జరిగితే గీతం పూర్తయ్యాక జెండాను దించి, సరిచేసి, అందరి ముందూ మళ్లీ ఎగరేయాలి. అప్పటికప్పుడు సరిచేసిన పొరపాటుకు ఎవరినీ సంజాయిషీ అడగరు.